డెస్ బండికి కంప్యూటరు

“మీ ఆయన్ని ఈ గేటు దాటొద్దన్నాను గానీ, నిన్ను కాదు,” అన్నాడు ఆజిమ్, కౌంటరు మీది గ్రీజు గుడ్డ పక్కకు నెడుతూ. “పదిమంది ముందు నన్ను దొంగన్నాడు!”

“నన్ను రోజూ అంతకంటే పెద్ద మాటలే అంటాడు. కూర్చోమనవా?” అంది నోలీన్.

ఆజిమ్ స్టూలు లాగి వేశాడు. షెపర్టన్ ఊరి చుట్టుపక్కల పాత కార్లు విప్పి ముక్కలమ్మే యార్డు అతనిదొక్కటే. నోలీన్ మొగుడు డెస్ అక్కడ నోరు పారేసుకున్నాడు. అందుకని ఆవిడే కారేసుకుని రావాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. పారబోసేది ఆయన, ఎత్తుకునేది ఆవిడ.

“ఏం కావాలట దొరగారికి?”

“యూట్ ట్రక్కులోంచి పాత ఇంజను పీకి కొత్త రకం ఇంజను దించాడుగా. ఇప్పుడు దానికి కంప్యూటరూ, తీగలూ కావాలి. ఏవి కొనాలో ఆజిమ్‌నే అడుగు, దొంగైనా పని తెలిసిన దొంగ అన్నాడు.”

ఆజిమ్ నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించాడు.

“డార్విన్ ఊరికి వెళ్లిపోతున్నాడట, నిజమేనా?”

ఊరందరి నోటా నానుతున్న మాటే. నోలీన్ తల దించుకోలేదు.

“నిజమే. ఇంజను స్టార్టయిన రోజే బయల్దేరతాడు. అక్కడ లియాన్ కాచుకుని ఉంది, మన క్లబ్బులో బీరు పోసేదే, ఆవిడ. నాకు చెప్పే చేస్తున్నాడు, దాపరికమేం లేదు.”

“అంత తొందరైతే విమానమెక్కి పోవచ్చుగా?”

“యూట్ లేకుండా పోడు. అది వాళ్ల నాన్నది. నన్నయితే వదిలేస్తాడు గానీ దాన్ని వదల్డు.”

“మొగుడు లేచిపోడానికి దగ్గరుండి బండి సిద్ధం చేస్తున్నావా? నీకేమైనా మతిపోయిందా, నోలీన్?”

“ఎంత తొందరగా పోతే అంత పీడ విరగడ. రెండేళ్లుగా షెడ్డులోనే పడక. భోజనానికి మాత్రం ఇంట్లోకొస్తాడు. తింటాడు, ప్లేటు సింకులో పడేస్తాడు, పోతాడు. తిట్లు తప్ప మాటా మంతీ ఉండదు.”

ఆవిడ ఒళ్లో బేకరీ పెట్టె ఒకటుంది. ఆజిమ్ గడ్డంతో దాన్ని చూపించాడు.

“అదేంటి?”

“వెనిల్లా స్లైసు. శుక్రవారం అది లేకపోతే డెస్‌కి చిరాకు.”

ఆజిమ్‌కి ఒళ్లు మండింది. చెడ్డ మొగుళ్లకే మంచి పెళ్లాలు దొరుకుతారని అతని నమ్మకం. మొహం చూసి మనిషికేం కావాలో చెప్పేస్తానని గర్వం కూడా. ఈవిడకి కావాల్సింది విడుదల అని ఎప్పుడో తేల్చేసుకున్నాడు. అల్మరాలోంచి కొత్త అట్టపెట్టె తీశాడు.

“ఇది పందేల బళ్లకి పెట్టే కంప్యూటరు. తీగలతో సహా వస్తుంది. తాళం చెవితో పేచీ లేదు. కలిపితే చాలు, గుర్రుమంటుంది.”

“వద్దు.”

“ధరైనా అడగవేం?”

“అంతది డెస్‌కి అక్కర్లేదు.”

“అయితే ఇది తీసుకో.” బల్ల మీద ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టాడు. “వెనకనుంచి నుజ్జయిన కారొకటి వచ్చింది. ఇవన్నీ దానివే. ఇంజను కంప్యూటరు, తీగలు, డ్యాష్‌బోర్డు కిందుండే పెట్టె, తాళం చెవి. అన్నీ ఒక్క కారువైతేనే ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. దొంగల భయానికి కంపెనీ చేసిన ఏర్పాటు.”

“ఆ కింద ఉన్నదో?”

“అదా? అది అతుకుల బొంత. కంప్యూటరొక కారుది, తాళం చెవి ఇంకోదానిది. తెలీనివాళ్లు చవకని ఎగబడతారు.”

“పెడితే పేలిపోతుందా?”

“ఏం పేలదు. స్టార్టర్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు.”

“చూస్తే తెలుస్తుందా?”

“చూస్తే నాకే తెలీదు. అవే ప్లగ్గులు, అవే రంగులు. నగాంబీ ఊళ్లో ఒకాయన అలాంటిదే కొని పెట్రోలు పంపు మార్చాడు, సెన్సర్లు మార్చాడు, చివరికి ఇంజనే మార్చాడు. ఏళ్లు గడిచిపోయాయి గానీ బండి షెడ్డు దాటలేదు.”

“ఎవరికైనా చూపించొచ్చుగా?”

“ల్యాప్‌టాప్ తగిలించి చూసేవాడైతే ఇట్టే పట్టేస్తాడు. ఆయన ఒకర్ని ముట్టుకోనిస్తే కదా!”

“డెస్ కూడా అంతే,” అంది నోలీన్. “పక్కింటాయన బానెట్టు మీద చెయ్యేస్తే కొట్టబోయాడు.”

“అందుకే చెప్తున్నా, ఈ తొట్టిలోది పట్టుకెళ్లు. నువ్వేం భయపడకు, నీకు చెడ్డ సరుకు అంటగడతానా? శని, ఆదివారాలు కూర్చుని బిగించాడంటే సోమవారానికి నీకు శని వదిలినట్టే.”

అతను గుడ్డ తీసుకుని కంప్యూటరు మీది దుమ్మంతా తుడిచాడు. తాళం చెవి పోకుండా తీగల కట్టకే కట్టి, తొట్టి ఆవిడ ముందుకు జరిపాడు. డబ్బు సగమిస్తే చాలన్నాడు. డెస్‌కి మాత్రం ఆ మాట చెప్పొద్దన్నాడు.

నోలీన్ తాళం చెవి వంకే చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఛ, ఏడుస్తున్నావా? అలాంటివాడి కోసమా?” అన్నాడు ఆజిమ్, నిజంగానే నొచ్చుకుని. “సోమవారం తర్వాత హాయిగా నిద్రపోతావు, చూడు.”

ఆవిడ ముక్కు తుడుచుకుంది. తొట్టిని రెండు చేతులతో వెనక్కి నెట్టింది.

“స్టార్టవనిది ఇవ్వు.”