తీతువు లేని యుద్ధం

ఏ అడవని అడక్కండి. తోడేళ్ళ మీద అడవిదున్నలు గెలిచిన అడవి అది. ఆ యుద్ధాన్ని దూడలకు నేర్పేలా నాలుగు ముక్కల్లో చెప్పమని మందపెద్ద గోరింకకు పని అప్పగించింది.

గోరింక గొంతు సవరించుకుంది. "తోడేళ్ళు వచ్చాయి. దున్నలు లేచాయి. కొమ్ములు విసిరాయి. గెలిచాయి."

"మరి నేనో?" అంది తీతువు పిట్ట. ఆనాటి తొక్కిసలాటలో నేలమీద పెట్టుకున్న దాని గుడ్లన్నీ దున్నల గిట్టల కిందే చితికిపోయాయి.

మందపెద్ద మొహం చిట్లించింది. "గెలిచిన కథలో తీతువు పేరా? ఎత్తితేనే అపశకునం! అయినా నువ్వు పోరాడావా ఏం? అరిచావంతే."

తీతువు సరాసరి దాని మూతి ముందుకే నడిచొచ్చింది.

"అవును పెద్దయ్యా, అరిచానంతే. గుర్రుపెట్టి నిద్రపోతున్న మిమ్మల్ని లేపింది ఆ అరుపే. నా పేరు తీసెయ్యండి, బతిమాలను. కానీ దున్నలు ఎలా లేచాయని దూడలు అడిగితే ఏం చెబుతావే గోరింకా?"

గోరింక మందపెద్ద వైపు చూసింది. మందపెద్ద పక్కకు చూసింది.

"సరే, ఆ కథ మీరే ఉంచుకోండి," అంటూ తీతువు రెక్కలు విదిల్చి లేచింది. "ఈసారి తోడేళ్ళు వచ్చినప్పుడు దాన్నే అరవమనండి."