రెండు పుట్టినరోజుల మనిషి

“ఈవిడెవరు?” అన్నాడు చక్రపాణి, కారు నడుపుతున్న నళిని వైపు చెయ్యి చూపిస్తూ.

“నళిని. మన నళిని,” అంది వెనక సీట్లో ఆయన పక్కనే కూర్చున్న గిరిజ.

“కొత్త నర్సా?”

అద్దంలో నళిని కళ్లు ఒక్కసారి ఇటు చూసి, మళ్లీ రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. గిరిజకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని లేపేది, స్నానం చేయించేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది నళిని. ఆయన నోట మాత్రం పొద్దున్నుంచీ గిరిజ పేరే. ఆ పిలుపుకి మనసు పొంగిన మాట నిజం. పొంగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“మీరేం అనుకోకండక్కా, నాకు అలవాటైపోయింది,” అంది నళిని. “ఆ బెడ్ ఒక్కటి కన్ఫర్మ్ అయితే చాలు. మొన్న స్టవ్ ఆన్ చేసేసి, మంచులో చెప్పుల్లేకుండా రోడ్డెక్కారు. నేను స్నానానికి వెళ్లాలన్నా భయమే.”

మతిమరుపు ముదిరిన మాజీ సైనికుల కోసం నడిపే హోమ్‌లో ఒక బెడ్ ఖాళీగా ఉంది. 2010 జనవరి నెలాఖరు దాకానే దాన్ని ఆపుతారు. చక్రపాణి అమెరికా వచ్చిన కొత్తల్లో డాక్టరుగా సైన్యంలో చేరి, వియత్నాం వెళ్లి వచ్చినవాడు. అర్హతకేమీ లోటు లేదు. చిక్కంతా పుట్టిన తేదీ దగ్గర వచ్చి పడింది. సైన్యం రికార్డులో 1938 నవంబరు అని ఉంది. పాస్‌పోర్టు, లైసెన్సు, తక్కిన అన్నింట్లోనూ 1940 జూలై ఒకటి. ఈ ఇద్దరూ ఒకే మనిషని రుజువేమిటంటూ దరఖాస్తు తిప్పి పంపారు.

మనవాళ్లలో ఆ తరానికి పుట్టినరోజులు రెండుండేవి. ఒకటి తల్లి కన్నది, ఇంకొకటి హెడ్‌మాస్టరు కన్నది. బళ్లో వేసేనాడు ఆయనకు ఏ తేదీ తోస్తే అదే జీవితాంతం అంటుకునేది. ఈ సంగతి న్యూజెర్సీ ఆఫీసులో కూర్చున్నవాడికి చెప్పి ఒప్పించడమంటే మాటలా!

“ఇంకో డేట్ ఉందనే నాకు తెలీదక్కా. ఎప్పుడూ జూలైలోనే కేక్ కట్ చేయించేదాన్ని. మీకు ఫోన్ చేయాలా వద్దా అని చాలా తన్నుకులాడాను,” అంది నళిని.

“చేసి మంచిపని చేశావు. ఈ తిప్పలు తెచ్చిపెట్టింది నేనే కదా,” అంది గిరిజ. తానుండే అల్ఫారెట్టా నుంచి నిన్న ఇక్కడ విమానం దిగినప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కౌంటీ ఆఫీసరు నెరిసిన మీసాల పెద్దమనిషి. చక్రపాణిని చూడగానే లేచి సెల్యూట్ చేశాడు. చక్రపాణి కూడా చెయ్యెత్తబోయి, సగంలో మరిచిపోయి తల గోక్కున్నాడు. నళిని ఆ చెయ్యి మెల్లగా దించి, కోటు సర్ది, గోడవారగా ఆయన పక్కన కూర్చుంది. గిరిజ ఆఫీసరుకు ఎదురుగా కూర్చుంది.

“రెండు తేదీల్లో ఏది నిజం మేడమ్?”

“సైన్యం దగ్గరున్నదే.”

“మరి దాన్నే మార్చమంటున్నారే!”

“అబద్ధం పదిచోట్ల ఉందండీ. నిజం ఒక్కచోటే ఉంది. ఏది మార్చడం తేలిక?”

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. “నిజం ఇదేనని మీకెలా తెలుసు?”

“పెళ్లికి ముందు మావాళ్లు జాతకాలు చూస్తారు. దానికి పుట్టిన గంటా నిమిషంతో సహా కావాలి. అక్కడ హెడ్‌మాస్టరు తేదీ పనికిరాదు. ఈయనది కార్తీకమాసం, కృత్తికా నక్షత్రం.”

“సర్టిఫికెట్లన్నీ ఒకలా ఉంటే, సైన్యానికి మాత్రం ఈ తేదీ ఎందుకిచ్చారు?”

గిరిజ వెనక్కి తిరిగి ఒకసారి చక్రపాణిని చూసింది.

“నేనే ఇమ్మన్నాను,” అంది. “యుద్ధానికి వెళుతున్నారు. జాతకంలో ఎనభై ఏళ్ల ఆయుష్షు రాసి ఉంది. దొంగ తేదీ ఇస్తే ఆ ఆయుష్షు ఈయనకు వర్తించదేమోనని భయపడ్డాను. చిన్నదాన్ని. ఒట్టు వేయించుకుని మరీ పంపాను.”

ఆఫీసరు టైప్ చేయడం ఆపాడు. “ఒట్టు పనిచేసింది మేడమ్. ఆయన తిరిగొచ్చారు.”

“తిరిగైతే వచ్చారు,” అంది గిరిజ.

“గిరిజా, ఇంటికి పోదాం పద. కాఫీ పెడుదువుగాని,” అన్నాడు చక్రపాణి విసుగ్గా. నళిని వంగి ఆయన బూటు లేసు ముడి వేయసాగింది. ఆ ముడి ఊడనే లేదు.

ఆఫీసరు గిరిజ చెప్పిందంతా టైప్ చేసి, ఆమె చేత ప్రమాణం చేయించి, సంతకం తీసుకున్నాడు.

“రెండు తేదీలూ ఎరిగినవాళ్లు మీరొక్కరే మిగిలారు కాబట్టి ఈ వాంగ్మూలం చాలు. రికార్డు మారి వచ్చేసరికి నెలలు పడుతుంది. కానీ బెడ్ పోకుండా నేను ఈరోజే ఫోన్ చేస్తాను,” అన్నాడు.

ఆ మాట వింటూనే నళిని రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.

“మీ చెల్లెలికి మంచినీళ్లు ఇవ్వనా మేడమ్?” అన్నాడు ఆఫీసరు కంగారుగా. నళిని వద్దన్నట్టు తల ఊపింది. ఆయన ఇంకో కాగితం తీసి గిరిజ ముందుకు జరిపాడు. “ఇదొక్కటీ అయితే అయిపోయినట్టే. ఆయన సంతకం చేసే స్థితిలో లేరు కనుక దరఖాస్తు మీద భార్య సంతకం పెట్టాలి. రేపటి నుంచి ఆయన తరఫున ఏ నిర్ణయమైనా ఆ మనిషిదే.”

చక్రపాణి లేచి వచ్చి గిరిజ చెయ్యి పట్టుకున్నాడు. “పెట్టు గిరిజా,” అన్నాడు, అంతా అర్థమైనవాడిలా. ఆ వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఇంకాసేపు అలాగే ఉండనివ్వాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. అయినా ఒక్కొక్క వేలూ విడిపించుకుని ఆఫీసరు వైపు తిరిగింది.

“ముప్పయ్యేళ్లుగా ఈయన భార్య నళిని,” అంది.