గంటపూల మొదట్లో తడి

మొక్క మొదట్లో మళ్ళీ తడి.

దేవన్న పొద్దున పోసిన నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. మట్టి తీసి వాసన చూశాడు. చేపల కంపు.

"ఎవడో సముద్రం నీళ్ళు పోస్తున్నడు ఇజాజ్ భాయ్. నా పొట్ట కొట్టనీకి," అన్నాడు డ్రైవర్‌తో.

ఎడారి దేశంలోని ఆ కర్జకాన్ తోటలో మేడంకు ఆ మొక్కంటే ప్రాణం. ఏదో చలిదేశం అడవిలో మనిషెత్తు పెరిగి, కాడనిండా నీలం గంటలు పూస్తుంటే చూసి, మోజుపడి వేరు తెచ్చుకుంది.

తొంభై అయిదో సంవత్సరం, జూన్ ఎండలు. మొక్క ఎండితే నువ్వు తిరిగి నీ ఊరికేనని దేవన్నకు ముందే చెప్పేసింది.

ఎద్దుల్ని అమ్ముకుని వచ్చినవాడు ఏ మొహంతో ఊళ్ళో దిగాలి?

ఆ మధ్యాహ్నం ఖర్జూరం చెట్ల చాటున కాపు కాశాడు.

ఓ బక్కమనిషి గోడ దూకాడు. భుజాన తడి గోనెసంచి.

దేవన్న మెడ దొరకబుచ్చుకున్నాడు. "ఎవడ్రా నువ్వు?"

"లచ్చన్నను. మెట్‌పల్లి దిక్కు. చేపల మార్కెట్ల పంజేస్త."

"మనోడివయ్యుండి ఉప్పునీళ్ళు పోస్తవా? నా జాగల జొర్రుదామనా?"

"నీళ్ళు గాదు తమ్మీ, ఐసు. వేర్లు సల్లగుంటెనే ఇది బతుకుతది."

"నాకు నేర్పొచ్చినవా? కాగితాలున్నయా?"

లచ్చన్న సంచిని కింద దించాడు.

"లేవన్నట్టు. యల్లా, నడువ్."

దేవన్న సంచిని తన్నాడు. ఐసు ముక్కలు ఇసుకలో దొర్లాయి. పక్క తోట వాళ్ళను కేకేసి, పోలీసులు వచ్చేదాకా వాణ్ణి గేటుకు కట్టేశాడు.

జీపెక్కుతూ లచ్చన్న, "రేపటి సంది నువ్వన్న ఎయ్యి తమ్మీ," అన్నాడు.

"ఐసంట, ఐసు," అని ఉమ్మేశాడు దేవన్న.

వారం తిరగకుండానే గంటలన్నీ వాలిపోయాయి. దేవన్న వంటింట్లోంచి గిన్నెలతో ఐసు మోశాడు. అప్పటికే కాడ మాడిపోయింది.

మేడం వచ్చి చూసింది. "ఖలాస్," అంది.

ఎయిర్‌పోర్టు దారిలో కూడా దేవన్న కోపం చల్లారలేదు.

"ఆ దొంగముండాకొడుకు ఉసురే తగిలింది భాయ్. లచ్చన్నంట. వానికి నా మొక్కతోని ఏం పని?"

ఇజాజ్ కారు పక్కకు ఆపాడు.

"పట్టిచ్చింది లచ్చన్ననా?"

"నీకెట్ల ఎరుక?"

ఇజాజ్ ఇంజను ఆపేశాడు.

"నీకన్నముందు తోటపని ఆయనదే దేవన్నా. నిరుడు గిట్లనే కాడ ఎండితె మేడం ఎల్లగొట్టింది. వేరు సావలే, సలికాలం మల్ల మొలిచింది. గప్పటికి నువ్వు దిగినవ్. 'నాకైనట్టు ఆ కొత్త పిలగానికి కావద్దు' అని అంటుండె, మార్కెట్ల కలిసినప్పుడల్ల."