తెలిసిందే అడిగితే

"ఇదేమిటి?"

మేడమ్ బొమ్మకార్డు ఎత్తి చూపించింది. దాని మీద కప్పు ఉంది. ఎదురుగా కూర్చున్న ఆరేళ్ళ పిల్ల బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

మేడమ్‌కి ప్రాణం ఉసూరుమంది. పొద్దుటి నుంచి ఇది పదకొండో పిల్ల.

ఒకటో తరగతిలో చేర్చుకునే ముందు పిల్లల తెలివి కొలవడం ఆమె ఉద్యోగం. ఇరవై కార్డులు, అన్నిటికీ అదే ప్రశ్న. పదికి తగ్గితే మామూలు బడి లేదు, ఊరి చివర మందబుద్ధి పిల్లల బడే గతి. క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళ కాలనీ నుంచి వచ్చిన పిల్లల్లో సగానికి సగం అక్కడికే పోతున్నారు. ఏం చేస్తుంది మరి? నోరు విప్పని పిల్లకి మార్కులు ఎక్కడి నుంచి తెచ్చి వేస్తుంది?

పిల్ల పక్కన కూర్చున్న ముసలావిడ ముందుకు వంగింది.

"నా కళ్ళకి ఆనడం లేదే తల్లీ. ఆ అట్ట మీద ఏముందో కాస్త చెబుదూ."

"కప్పు అవ్వా. పిడి సగమే ఉంది" అంది పిల్ల తడుముకోకుండా.

నిజమే. కార్డు అరిగి, పిడి దగ్గర రంగు పోయింది. మేడమ్ ఏనాడూ గమనించలేదు.

గమనించలేదన్న ఉక్రోషం కూడా కలిసిందేమో, ఒళ్ళు మండింది. పక్కనుంచి అందివ్వకూడదని రూలుందని కసిరింది. ముసలావిడ తల వంచుకుని అన్నీ విని, మెల్లగా అంది.

"మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తమకి తెలిసిన సంగతి పిల్లల్ని అడగరమ్మా. అడిగారంటే పిల్లలేదో తప్పు చేసినట్టే. అందుకే నోరు కట్టేసుకుంటారు."

మీ ఇళ్ళ సంగతి నాకెందుకంది మేడమ్. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా!

ఆ పిల్లకి అమ్మమ్మనంటూ వచ్చిన మనిషి, మరుసటి వారం ఇంకో పిల్లకి మేనత్తనంటూ వచ్చింది. ఆపై వారం మరో పిల్లకి పెద్దమ్మ. ఈవిడ ఊరందరికీ చుట్టమేనా? పైగా ఆవిడతో వచ్చిన పిల్లలందరికీ పదిహేనుకి పైనే. పిల్లల్ని గట్టెక్కించే దళారీ అయి ఉంటుందని మేడమ్ తేల్చేసింది. గేటు లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్‌కి చెప్పింది.

ముసలావిడ తగువు పడలేదట. రెండు రోజులు గేటు బయట ఎండలో నిలబడింది. తనని రానివ్వకపోయినా సరే, ఆ ప్రశ్న ఒక్కటీ మార్చి అడగమని కబురు పంపింది. మేడమ్‌కి అప్పుడు తల ప్రాణం తోకకొచ్చేంత పని. విని ఊరుకుంది.

ఆ మర్నాడే ఆ కాలనీ నుంచే ఒక తండ్రి కూతుర్ని తీసుకొచ్చాడు. ఇరవై కార్డులకీ పిల్ల ఉలకలేదు, పలకలేదు. మేడమ్ సున్నా వేసి, ఊరి చివరి బడికి ఉత్తరం రాసి సంతకం పెట్టింది.

నెల తిరిగాక ఆ ఉత్తరం పట్టుకెళ్ళడానికి తండ్రీ కూతుళ్ళు వచ్చి వరండా బెంచీ మీద కూర్చున్నారు. గదిలో మేడమ్ బల్ల మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. బయట వాచ్‌మన్ తాళాలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ, "నువ్వేమన్నా చూశావా అమ్మలూ?" అని అడగడం వినిపించింది.

"ఇందాక చేతులు కడుక్కున్నావుగా తాతా, అప్పుడు కుళాయి గట్టు మీద పెట్టావు. నీళ్ళు కారుతున్నాయి కూడా. తుప్పు పట్టిపోతాయి, బేగి తీసుకో."

మేడమ్ లేచి బయటికొచ్చింది. మాట్లాడింది ఆ సున్నా పిల్లే.

ఇంట్లోనూ ఇలాగే మాట్లాడుతుందా అని అడిగింది. తండ్రి నవ్వాడు. దాన్ని పిచ్చుక అంటారట, లేచింది మొదలు నోరు మూయదట.

మేడమ్ ఆ బెంచీ మీదే కూర్చుంది. చిన్నప్పుడు పగిలిన పళ్ళెం చూపించి "ఇదేమిటి?" అని తన అమ్మ అడిగితే, తను మాత్రం నోరు విప్పిందా?

గదిలోంచి ఆ ఉత్తరం తెచ్చి అడ్డంగా చించేసింది. రేపు పిల్లని మళ్ళీ తీసుకురమ్మంది.

"మీ కాలనీ పిల్లలతో వచ్చేదే, ఆ అవ్వని కూడా తీసుకురండి. ఆవిడ చేతే అడిగిద్దాం."

తండ్రి తల దించుకున్నాడు.

"అవ్వ పోయి పది రోజులైందండీ."

ఆవిడ మీకేమవుతుందని అడిగింది మేడమ్. ఏమీ కాదన్నాడు. కాలనీలో ఎవరికీ ఏమీ కాదట. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకట. వాణ్ణి ఆరో ఏట ఇక్కడికే తీసుకొస్తే ఒక్క కార్డుకీ పలకలేదట. ఊరి చివరి బడికి పంపారు. ఇంట్లో గలగలా వాగేవాడు, మందబుద్ధి మందబుద్ధి అని అందరూ అంటుంటే తనూ నమ్మేశాడు. పన్నెండేళ్ళకల్లా ఇంట్లోనూ మాట మానేశాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు. తల్లి పోయిన రోజు కూడా పెదవి కదపలేదు.

"లోపం పిల్లల్లో కాదు, అడగడంలో ఉందని ఈ ఏడే కనిపెట్టింది. అప్పట్నుంచీ ఎవరి పిల్లని పరీక్షకి తెస్తున్నా తనూ బయల్దేరేదండీ. కొడుక్కి ఆ రోజు పరీక్ష పెట్టినావిడ ఎవరో చెప్పమని మేమంతా ఎన్నిసార్లో అడిగాం. చెప్పలేదు. అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల, దానికేం తెలుసు, ఇప్పుడు తెలిస్తే తట్టుకోలేదు అనేది."

ఇరవై నాలుగేళ్ళుగా, ఆ గదిలో కార్డులు పట్టుకుని కూర్చున్నది మేడమ్ ఒక్కతే.