సూసన్న కాఫీ పరీక్ష

"ఇది కాఫీయా, ఇంజన్ కడిగిన నీళ్ళా?"

ఆర్థర్ గ్లాసు బల్ల మీద పెట్టి, సాక్ష్యం కోసం సుందర్ రాజు వంక చూశాడు. ఆర్థర్ స్టీమ్ ఇంజన్ డ్రైవరుగా ఉన్న రోజుల్లో సుందర్ రాజు ఆయన దగ్గర బొగ్గు వేసే ఫైర్‌మేన్. గురువు మాట కాదనడు, ఇచ్చిన కాఫీ కాదనడు.

"ఏడిగా ఉందండి గురువుగారూ," అన్నాడు జాగ్రత్తగా.

వంటింటి గడప దగ్గర ఆర్థర్ భార్య సూసన్న ఉత్తరం పట్టుకుని నిలబడింది. వాల్తేరులో అక్క రూతు మంచాన పడింది. 'ఒక్కపాలి నీ మొకం సూడాలనుందే' అని వణికే అక్షరాలతో రాసింది. తల్లి పోయినప్పుడు సూసన్న వెళ్ళేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. ఆర్థర్ డ్యూటీ దిగి, భోంచేసి, నిద్రపోయి, లేచి కాఫీ తాగాకే ఆ రోజు ప్రయాణం మొదలైంది మరి.

"నానొక్కదాన్నే ఎల్లొత్తానండీ," అంది.

"ఎల్తే నాకు కాఫీ ఎవులిత్తారు? మీ అక్క ఇత్తాదేటి?"

"మీరే కాసింత..."

"నానా? ముప్పై ఏళ్ళు మెయిల్ లాగిన సెయ్యి ఇది. సెంచాలు తిప్పుతాదా?"

ఆర్థర్ కఠినుడు కాడు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. రిటైరైన వాళ్ళకిచ్చే ఉచిత రైలు పాస్ వాడకపోతే ఆ ఏడాదికి మురిగిపోతుందని, సూసన్న పేరు మీద తెచ్చి బైబిల్లో కీర్తనల మధ్య పెట్టాడు కూడా.

"ఆదివారం సాయంత్రం నాను వొంక పెట్టలేని కాఫీ ఒకటి పెట్టు. పాస్ తీసి నీ సేతిలో పెడతాను. సుందరం, నువ్వే సాక్షి."

"ఠీక్ హై," అన్నాడు సుందర్ రాజు. సూసన్న ముఖం చూసి మాట మార్చాడు. "వొదినా, గురువుగారి ఇంజనెక్కితే మాకు పండగేనండి. బొగ్గు కాసింత వంకరగా ఏత్తే సాలు, 'తప్పుకోరా' అని పార లాక్కుని తనే ఏసేసీవోరు. ఒకపాలి బాలాసోర్ దాకా నాను కూకునే ఎల్లినాను."

"తప్పుడు పని కళ్ళముందు జరుగుతా ఉంటే నాను సూత్తా ఊరుకోలేను," అన్నాడు ఆర్థర్ గర్వంగా.

సూసన్న నవ్వలేదు. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు ఫిల్టర్లో పొడి వేసి, పైబిళ్ళని బలమంతా పెట్టి నొక్కింది. అరగంటైనా డికాక్షన్ చుక్క దిగలేదు. ఆర్థర్ రెండుసార్లు వసారాలో తిరిగి, చివరికి వంటింట్లోకి వచ్చాడు. ఇల్లు కట్టాక ఆయన ఆ గడప దాటడం అదే మొదలు.

"పొడి మీద ఎక్కి కూకున్నావేటి? బిళ్ళ ఊరికే ఆనాలి, అంతే."

"ఎలగండీ?"

"తప్పుకో."

ఆ తర్వాతి రోజు నీళ్ళు గోరువెచ్చగా పోసింది. "బాయిలర్ సల్లగా ఉంటే బండి కదుల్తాదా? నీళ్ళు తెర్లాలి. తప్పుకో." ఇంకో రోజు డికాక్షన్ ఏకంగా పొయ్యి మీద పెట్టింది. ఆర్థర్ పరుగున వచ్చి దింపాడు. మరిగిస్తే చేదెక్కుతుందని, పాల వేడే దానికి చాలని గంటసేపు చెప్పాడు. గోల్‌బజార్‌లో ఆమె కొన్న పొడిలో సగం చికోరీ ఉందని తేలాక, ఆయనే రిక్షా ఎక్కి వెళ్ళి, గింజలు ఆడిస్తున్నంతసేపూ దగ్గర నిలబడి తెచ్చాడు.

ఆయన చెప్పిందంతా సూసన్న కాగితం మీద రాసి, పొయ్యి పైన గోడకి అన్నం మెతుకులతో అంటించింది. రెండు చెంచాలు. బిళ్ళ మెల్లగా. తెర్లే నీళ్ళు.

"ముప్పై ఏళ్ళ కాపరం సేసి కాఫీకి నోట్సు రాసుకుంటంది. ఐఐటీలో సేర్పించాలి దీన్ని. అంతంత పెద్ద అచ్చరాలేటి?"

"కళ్ళజోడు లేకపోయినా కనపడాలి కదండీ."

శనివారం నాటికి ఆయన ఆమె తప్పు చేసేదాకా కూడా ఆగలేదు. ఫిల్టర్ తనే కడిగాడు, పాలు తనే దింపాడు.

"నీకీ జన్మకి రాదు. రేపు పరీచ్చలో సున్నా."

"నిజమేనండి," అంది సూసన్న, ఉతికిన ఆయన బనీన్లు మడతపెడుతూ. "నాకు రాదు."

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేపల పులుసుతో అన్నం తిని ఆర్థర్ పడుకున్నాడు. నాలుగున్నరకి వాల్తేరు వైపు పోయే కోరమాండల్ కూత ఆయన్ని రోజూ లేపుతుంది. ఆ రోజూ లేపింది. వంటింట్లో చప్పుడు లేదు. ఆదివారం మధ్యాహ్నాలు పక్కవీధి ఎమిలీ ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన ఉంటుంది.

"పరీచ్చకి బయపడి పార్తనకి పోయింది," అని నవ్వుకున్నాడు.

కాసేపు చూశాడు. ఎదురుచూడటం ఆయనకు అలవాటు లేదు. గోడ వంక ఒకసారి చూసి పని మొదలెట్టాడు. పొడి మీద బిళ్ళ ఆనింది, నీళ్ళు తెర్లాయి, డికాక్షన్ బొట్టుబొట్టుగా నల్లగా దిగింది. రెండు గ్లాసుల్లో నురగ వచ్చేలా తిరగబోశాడు. ఒకదాని మీద మూతపెట్టాడు, ఆమె వచ్చి తాగి సిగ్గుపడటానికి.

రెండోది తాగాడు. వొంక కోసం వెతికాడు. మళ్ళీ తాగాడు. దొరకలేదు.

గడియారం ఆరు చూపిస్తోంది. 'కోరమాండల్ ఈపాటికి బాలాసోర్ దాటుంటాది,' అనుకున్నాడు అలవాటుగా.

సూసన్నని రానీ. ముందు ఈ కాఫీ తాగించి, నాలుగు మాటలని, ఆ తర్వాత జాలిపడి పాస్ ఇచ్చేద్దాం. తన మంచితనానికి తనే ముచ్చటపడుతూ బైబిల్ తెరిచాడు.

కీర్తనల మధ్య పాస్ లేదు.