ముంచని బకెట్

అప్పట్లో నేను సముద్రాన్ని కొలిచే ఓడలో వంటమనిషినిలెండి. సముద్రంలో పారే పెద్ద ప్రవాహం మెలిక తిరిగి, ఆ మెలిక తెగిపోయి, వెచ్చటి సుడిగా విడిగా తిరుగుతుందట. దాని అంచు కనిపెట్టడానికి రాత్రిళ్లు గంటకోసారి బకెట్‌తో నీళ్లు తోడి, వేడి చూసి చెప్పడం నా వంతు. ఆ రాత్రి చలికి బద్ధకించాను.

"ఎంతుంది వదినా?" అన్నాడు అదే ఓడలో పనిచేసే మా మరిది, ఓడ అడుగున చుట్టుకున్న తాడు చిక్కు విప్పడానికి నీళ్లలోకి దిగబోతూ.

"ఇరవై ఎనిమిది డిగ్రీలు. నీ స్నానానికి కాచినట్టే ఉన్నాయిలే, దిగు!" అన్నాను, బకెట్ ముంచకుండానే.

ఓడ సుడిని ఎప్పుడో దాటేసింది. చన్నీళ్లకు కొయ్యబారిపోయి, మరిది మళ్లీ పైకి తేలలేదు. ఇన్నేళ్లూ సిగ్గుతో ఆ ముక్క ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నిన్న రాత్రి వంటింట్లో బకెట్ నీళ్లు వాటంతటవే మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి.

"ఎంతుంది వదినా?" అని ఆ నీళ్ల లోపల్నుంచి వినిపించింది.

ఈసారైనా చెయ్యి పెట్టి చూడాలి కదా. పెట్టలేకపోయాను.

"ఇరవై ఎనిమిది" అన్నాను.