తప్పు జవాబులు

“మీ అమ్మకు మతి బాగానే ఉండాదే గిడ్డయ్యా!” అంటూ డాక్టరు శాంతయ్య పెన్ను పక్కన పెట్టాడు. “పేరు సుంకులమ్మ అని సరిగ్గా చెప్పింది. ఊరు చెప్పింది. ఇంక నేను కాయితం ఎట్లా రాసేది?”

డోన్ రైల్వే దవాఖానాలో ఆ మాట వినగానే గిడ్డయ్య గుండె జారిపోయింది. అతను పట్టాల గ్యాంగులో కూలీ. తల్లికి మతి పోయిందని డాక్టరు రాసిస్తే చాలు, సర్కారు బీమా కింద పెద్దాసుపత్రిలో ఉచితంగా పెట్టుకుని చూసుకుంటారు. అయితే సర్కారు బీమాకు రోగం ఉంటే సరిపోదు, రోగం పరీక్ష పాసు కావాలి. ఈ పరీక్షకు ఐదు ప్రశ్నలు. మూడు తప్పితేనే పాసు!

“ఇంట్లో చూస్తే తెలుస్తాది సామీ. పొయ్యిలో నిప్పులు తీసి కొంగులో మూట గట్టుకుంటాది. మొన్న పోయి పట్టాల మీద కూచున్యాది. నా పెండ్లాము కాన్పుకని బేతంచెర్లకు, పుట్టింటికి పాయె. నేను పనికి పొయ్యేటప్పుడు ఏం చేస్తాండానో తెల్సునా? కన్నతల్లిని మంచానికి కట్టేసి పోతాండా.”

అంటూనే ఏడ్చేశాడు. సుంకులమ్మ మాత్రం మణికట్టు మీది తాడు మరకను నిమురుకుంటూ, ఎవరి సంగతో విన్నట్టు వింది.

“సరే, ఇంకా మూడు ఉండాయి. మూడూ తప్పు చెప్తే రాస్తా.”

తల్లి తప్పు చెప్పాలని మద్దిలేటి సామికి మొక్కుకున్నాడు గిడ్డయ్య. అట్లాంటి మొక్కు ఏ కొడుకూ మొక్కి ఉండడు.

“అవ్వా, మన రాజధాని ఏది?”

“ఐదరాబాదు గదా నాయనా.”

డాక్టరు పకపకా నవ్వాడు. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయి రెండేండ్లు కూడా నిండలేదు. ఆఫీసులకు వేసిన డేరాలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

“మరి కర్నూలు యాడికి పాయె అవ్వా?”

“ఎత్తకపోయినారు గదా. డేరాలు పీకేసి, బీరువాలన్నీ లారీలకెత్తి...”

“తప్పే గదా సామీ?” గిడ్డయ్య ముఖం వెలిగింది.

“తప్పే. అవ్వా, నీ కొడుక్కు పిల్లలెంతమంది?”

“ఇద్దురు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లోడు.”

“ఒక్క ఆడపిల్లే సామీ!” గిడ్డయ్య అరిచినంత పని చేశాడు. “కాన్పుకు ఇంకా నెల ఉండాది. రాసుకోండి, తప్పు!”

డాక్టరు రాసుకున్నాడు. అంతలో స్టేషన్లో పనిచేసే దావీదురాజు వగరుస్తూ వచ్చాడు.

“ఏమప్పా గిడ్డయ్యా, ఈడుండావా! బేతంచెర్ల నుంచి తంతి కొట్టినారు. నీ పెండ్లాము పొద్దున్నే కనింది. మగపిల్లోడు!”

గిడ్డయ్య ఎగిరి గంతేశాడు. డాక్టరు మాత్రం కదల్లేదు. తాను అప్పుడే రాసిన ‘తప్పు’ అనే మాట వైపు చూస్తూ ఉండిపోయాడు.

“అయితే ఇది ఒప్పే గదా,” అన్నాడు మెల్లగా.

“యాడ ఒప్పు సామీ? అమ్మ ఏదో అనింది, అది కుదిరింది, అంతే. కొట్టెయ్యొద్దండి, మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ ఒక్కటీ బిరీన అడిగేయండి. మూడు గంటల బండికి పోయి బిడ్డను చూసొస్తా.”

చివరి ప్రశ్న ఎవరికైనా ఒకటే. తోడు వచ్చిన మనిషిని రోగి గుర్తుపడుతుందా లేదా అని. డాక్టరుకు ఎందుకో అడగబుద్ధి కాలేదు. గిడ్డయ్యేమో చేతులు జోడించుకుని, “ఇది గూడ తప్పు చెప్పు మా,” అని తల్లిని బతిమాలుతున్నాడు.

“నీ కొడుకు యాడుండాడు అవ్వా?”

సుంకులమ్మ ఎదురుగా నిలబడ్డ గిడ్డయ్యను దాటి, కిటికీలోంచి పట్టాల వైపు చూసింది. కొంగుతో కండ్లు తుడుచుకుంది.

“యాడుండాడు నాయనా? బిడ్డను సూసొస్తానని మూడు గంటల బండెక్కినోడు, మళ్ళ ఇంటికి రాల్యా.”